గడియారం నిలబడ్డ చోటు

కుట్టుషాపు నుంచి,
ఫిబ్రవరి 12

పొడుగమ్మాయికి ఆశీస్సులు.

నిన్ను అసలు పేరుతో పిలవడం నాకు చేతకాదు. మా పిల్ల ఇంటికొచ్చినప్పుడల్లా "పొడుగు ఇలా అంది, పొడుగు అలా చేసింది" అని చెప్పీ చెప్పీ నాకూ అదే నోటికొచ్చేసింది. ఏమనుకోకు.

నాది నాలుగో తరగతి చదువు. తప్పులుంటే సర్దుకుని చదువుకో. ఫోను చేస్తే నాకు మాట రాదు, ఏడుపే వస్తుంది. అటు నువ్వు "పిన్నీ, పిన్నీ" అంటుంటావు, ఇటు నేను ముక్కు చీదుతుంటాను. కాగితమైతే తడిసినా ఆరబెట్టుకుని మళ్ళీ రాసుకోవచ్చు.

నువ్వు పంపిన పెట్టె ఎప్పుడో చేరింది. పిల్ల పోయి రెండు నెలలైనా తాళం తీయడానికి చెయ్యి రాలేదు. మొన్న ఆదివారం తీశాను. నాలుగు జతల బట్టలు, దువ్వెన, నేను కుట్టిచ్చిన దిండు గలీబు. ఆసుపత్రి కాగితమొకటి ఉంటే చదవలేక మడిచి పెట్టేశాను. రబ్బరు చెప్పులు మూడు జతలు. మూడింటికీ మడమ దగ్గర చిల్లులే. ఆఫీసులో కుర్చీలో కూర్చునే పిల్లకి చెప్పులు అలా ఎందుకరిగాయో నాకర్థం కాలేదు.

పెట్టె అడుగున ఒక కాగితం దొరికింది. పైన "అమ్మ యాత్ర" అని రాసుంది. వేసవిలో నన్ను మళ్ళీ తీసుకెళ్తానని మాటిచ్చిందిలే, దాని కోసం వేసుకున్న లెక్క. పెద్ద మందిరం, కొండమీది మందిరం, ఏటి ఒడ్డు మందిరం. నాలుగు రోజులు. ఏ రోజు ఎక్కడ, ఏ గేటు, ఎన్నింటికి, అన్నీ ఉన్నాయి. పక్కన చిన్న అక్షరాలతో "అమ్మ మోకాళ్ళు అరగంట కంటే ఆగవు" అని రాసుకుంది.

నేను వెళ్తానమ్మాయీ. అది వేసిన దారినే వెళ్తాను. నాకు చూపించాలనుకున్నవి చూడాలి. ఇంక నేను చెయ్యాల్సిన పని అదొక్కటే కనబడుతోంది.

కానీ కొన్ని ముక్కలు అర్థం కాలేదు. "పెద్ద మందిరం: పొడుగు, తెల్లవారుతూనే. మూడో మలుపు దగ్గర అమ్మని మార్చాలి. కొండ: నేను." మార్చడమేంటి? నేనేమన్నా చిరిగిన నోటునా?

రెండేళ్ళ కిందట వచ్చినప్పుడు ఇలాంటివేం లేవు కదా. పిల్లకి ఆఫీసులో సెలవు దొరకలేదని నువ్వే నన్ను తీసుకెళ్ళావు. వేలమంది చెమటలు కక్కుతూ నిలబడి ఉంటే నువ్వు నన్ను పక్కదారిన తెచ్చి, కమ్మీ సందులోంచి లోపలికి దూర్చావు. ముసుగేసుకున్న మనిషెవరో బయటికొస్తూ నా కాలు తొక్కింది. "కళ్ళు నెత్తికెక్కాయా?" అని కసిరాను కూడా. పావుగంటలో దర్శనమైపోయింది. ఇంటికొచ్చి వీధంతా చెప్పుకున్నాను, మా అమ్మాయి యాత్రికుల ఆఫీసులో పనిచేస్తుంది, దాని పలుకుబడి మామూలుది కాదని. మా షాపు మాస్టారైతే "ఏవమ్మా, మీ అమ్మాయితో చెప్పి దేవుణ్ణే ఇటు పంపించమనరాదూ" అని ఎగతాళి చేశాడు.

అలాంటి దారే మళ్ళీ చూడు. ఆఫీసు వాళ్ళకి నేను కూడా ఒక ఉత్తరం రాస్తాను. ఆరేళ్ళు పనిచేసిన పిల్ల తల్లినని చెబితే కాదంటారా?

ఇట్లు,
చిన్నదాని అమ్మ


మేడమీది గది నుంచి,
ఫిబ్రవరి 27

పిన్నికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. నాలుగైదుసార్లు చదివాను. తప్పులేం లేవు, నాకంటే బాగా రాశారు.

ఆ కాగితంలో ముక్కలు పట్టించుకోకండి. మేమేవో ఆఫీసు మాటలు రాసుకుంటాం.

మీరు రావాలనుకుంటే ఇవి గుర్తుపెట్టుకోండి. పెద్ద మందిరానికి మంగళవారం మధ్యాహ్నం రావాలి. భోజనాల వేళ జనం పల్చబడతారు. సంచి తేవద్దు. సంచి దాచడానికొక లైను, తీసుకోవడానికి ఇంకో లైను, రెండూ కలిపితే దర్శనం లైనే నయమనిపిస్తుంది. ఎప్పుడూ ఎడమ లైన్లోనే నిలబడాలి. కుడి లైన్లోకి మధ్యలో పసిపిల్లల తల్లుల్ని కలుపుతారు, అది ఆగి ఆగి నడుస్తుంది. మీ ముందు ఒక్క పెద్దాయన నాలుగు నీళ్ళ సీసాలు పట్టుకుని నిలబడ్డాడనుకోండి, ఆ లైను వదిలేయండి. ఆయన ఒక్కడు కాదు, కాసేపటికి "మావాళ్ళే, మావాళ్ళే" అంటూ ఇరవైమంది వచ్చి చేరతారు. కొండకి మొదటి బస్సులో వెళ్ళాలి. ఏటి ఒడ్డుకి వాన పడుతున్నప్పుడు వెళ్ళాలి, తడిస్తే తడుస్తారు గానీ గంటలో బయటపడతారు.

ఇవన్నీ మీ అమ్మాయి నాకు నేర్పినవే.

కానీ పిన్నీ, ఇప్పుడు రావద్దు. ఎండలు ముదురుతున్నాయి, జనం కూడా ఎక్కువ. వానలు తగ్గాక చూద్దాం. ఆఫీసుకి మాత్రం ఏమీ రాయకండి. వాళ్ళకి జవాబిచ్చే తీరిక ఉండదు, మీకు ఊరికే బాధ.

చెప్పుల సంగతంటారా, ఇక్కడి రోడ్లు అలాంటివి.

మీ
పొడుగు


కుట్టుషాపు నుంచి,
మార్చి 15

అమ్మాయికి,

నువ్వు రాయొద్దన్నావు గానీ నీ ఉత్తరం రాకముందే నేను ఆఫీసుకి రాసేశాను. తీరిక ఉండదన్నావు కదా, ఉంది. టైపు మిషను మీద కొట్టిన జవాబు వచ్చింది, కింద ముద్ర కూడా ఉంది.

"మీరు పేర్కొన్న వ్యక్తి ఈ కార్యాలయంలో ఎన్నడూ పనిచేయలేదు."

నాకు చదవడం రాక అలా కనబడిందేమో అనుకున్నాను. మాస్టారి చేత చదివించాను. ఆయన చదివినా అదే ఉంది. మళ్ళీ చదవమన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, "ఊరుకాని ఊరు, ఒంటరి ఆడపిల్ల. ఇంక తవ్వకండమ్మా" అన్నాడు. అప్పటికి ఊఁ అన్నాను. ఆ మాటకి అర్థమేంటో ఇంటికొచ్చి దీపం పెడుతుంటే బుర్రకెక్కింది. తెల్లారి వెళ్ళి ఆయన బల్లమీద నా కత్తెర పెట్టి, "మా పిల్ల గురించి ఇంకొక్క మాటంటే గుండీల కాజాలు కుట్టడానికి మీరు వేరే మనిషిని వెతుక్కోండి" అన్నాను. ముప్ఫై ఏళ్ళలో ఆయనకి ఎదురు చెప్పడం అదే మొదలు. ఆయన తలొంచుకుని గుడ్డ కొలుచుకున్నాడు.

అనడమైతే అన్నాను. నా కాళ్ళ కింద నేల మాత్రం లేదమ్మాయీ.

ఆరేళ్ళు నాకు ఆఫీసు కబుర్లు చెప్పింది. నెత్తిమీద ఫ్యానుంది గానీ తిరగదమ్మా అనేది. మా పెద్దసారు నిలబడే నిద్రపోతాడమ్మా అనేది. నేను పడీపడీ నవ్వేదాన్ని. ఆ ఫ్యాను ఎక్కడుంది? ఆ సారు ఎవరు? నేను ఎవరి పిల్ల కబుర్లు విన్నాను?

నువ్వు ఆరేళ్ళు అదే గదిలో దాని పక్కన పడుకున్నావు. నీకు తెలుసు. దొంగతనమైనా సరే, నేను నోటితో అనలేనిదైనా సరే, రాయి. పోయిన పిల్లని ఇంకెవరూ ఏమీ చేయలేరు. తెలిస్తే ఎలాగో ఓర్చుకుంటాను. తెలియకపోతే రోజుకో రకంగా పోగొట్టుకుంటున్నాను.

చిన్నదాని అమ్మ


మేడమీది గది నుంచి,
మార్చి 24

పిన్నీ,

మీ మాస్టారు అనుకున్నది కాదు. ఒట్టు. ముందు ఈ ముక్క చదివి కాసేపు కూర్చోండి, మిగతాది తర్వాత చదవండి.

మేం లైన్లో నిలబడతాం. వేరేవాళ్ళ బదులు నిలబడతాం. అదే మా పని.

తనతో కలిపి తొమ్మిదిమందిమి, అందరం ఆడవాళ్ళమే. నిలబడలేని ముసలివాళ్ళు, జబ్బు మనుషులు, తీరిక లేని పెద్దవాళ్ళు మమ్మల్ని పెట్టుకుంటారు. తెల్లవారుతూనే వెళ్ళి లైను తోకలో చేరతాం. ఏడు గంటలో, తొమ్మిది గంటలో నిలబడి జరుగుతూ జరుగుతూ మూడో మలుపు దాకా వస్తాం. అక్కడ కమ్మీ విరిగి మనిషి పట్టేంత సందుంది. ఎవరూ బాగుచేయలేదు. మమ్మల్ని పెట్టుకున్నవాళ్ళు అక్కడికొస్తారు. మేం బయటికి, వాళ్ళు లోపలికి. దాన్నే "మార్చడం" అంటాం. గేటు దగ్గర మనిషికి తెలుసు, తెలియనట్టుంటాడు.

మీ అమ్మాయిని మేం గడియారం అనేవాళ్ళం. తోక దగ్గర నిలబడి ఒక్కసారి ముందుకి చూసి "ఆరుంపావు గంటలు" అనేది. ఐదు నిమిషాలు అటూ ఇటుగా అంతే పట్టేది. ఎలా తెలుసే అంటే, "జనం మెడలు చూడు, ఎంత తొందరలో ఉన్నారో తెలుస్తుంది" అనేది.

ఫ్యాను అబద్ధం కాదు పిన్నీ. లైను షెడ్డు కప్పుకి ఉంది, తిరగదు. నిలబడే నిద్రపోయే పెద్దసారు ఆ గేటు మనిషే. మీకు తను ఒక్క అబద్ధమే చెప్పింది, కూర్చోవడానికి కుర్చీ ఉందని.

ఇంకోటి కూడా చెప్పేస్తాను. ఇప్పుడు చెప్పకపోతే మళ్ళీ చెప్పలేను.

రెండేళ్ళ కిందట మీ కాలు తొక్కిన ముసుగు మనిషి తనే.

మీకోసం ఎవరమైనా నిలబడతామన్నాం. "మా అమ్మకి నేనే నిలబడతాను" అంది. తొమ్మిది గంటలు నిలబడింది. మీరు గుర్తుపడతారని తుండుగుడ్డ రెండు మడతలేసి చుట్టుకుంది. కాలు కావాలని తొక్కలేదు. తిమ్మిరెక్కి తూలింది. మీరు లోపలికెళ్ళాక వెళ్ళి మెట్ల మీద కూర్చుని ఒకటే నవ్వు. "విన్నావా పొడుగూ, మా అమ్మ అచ్చం ఇంట్లో తిట్టినట్టే తిట్టింది" అని. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "పో, లోపల ఎంతసేపు నిలబడనిచ్చారో కనుక్కో" అని నన్ను తరిమింది.

తను మాత్రం ఆరేళ్ళలో ఒక్కసారీ లోపలికి వెళ్ళలేదు. మేం ఎవరం వెళ్ళం. మూడో మలుపే మాకు చివర.

జ్వరంతోనే పోయింది. అది నిజమే.

పొడుగు


ఇంటి నుంచి,
ఏప్రిల్ 5

పొడుగమ్మాయికి,

పది రోజులైంది నీ ఉత్తరం వచ్చి. మొదటి రెండు రోజులు పనికి వెళ్ళాను. కాజా కోయబోయి చొక్కా ముందు భాగమంతా కిందదాకా కోసేశాను. మాస్టారు తిట్టలేదు. కత్తెర నా చేతిలోంచి మెల్లగా తీసుకుని ఇంటికి పొమ్మన్నాడు.

నా కడుపున పుట్టిన పిల్ల నా ఒంటికి రాసుకుంటూ వెళ్ళింది. నేను పోల్చుకోలేదు. దాని చెమట వాసన నాకు తెలుసు, దాని అడుగు చప్పుడు నాకు తెలుసు. అయినా పోల్చుకోలేదు. నా కళ్ళు లోపలున్న దేవుడి మీదున్నాయి. పైగా అలా కసిరాను. ఏ తల్లైనా అంటుందా? అంటుంది. నేను అన్నాను.

ఏడుపు రావడం లేదు. అదొక విచిత్రం. మూడు నెలలు ధారగా వచ్చింది, ఇప్పుడు ఎండిపోయింది. గోడకేసి చూస్తూ కూర్చుంటున్నాను.

నీ ఉత్తరం చివర "జ్వరంతోనే పోయింది, అది నిజమే" అని రాశావు. నిజమైనదాన్ని నిజమే అని ఎవరూ రాయరమ్మాయీ. నాకు చదువు రాదు గానీ మనుషుల మాట తెలుస్తుంది. అందుకే పెట్టెలో ఆసుపత్రి కాగితం మళ్ళీ తీశాను. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ ఒక పూటంతా చదివాను. "తీసుకొచ్చిన సమయం: మధ్యాహ్నం ఒంటిగంట. అప్పటికే ప్రాణం లేదు. తీసుకొచ్చిన చోటు: మందిరం లైను."

గదిలో, మంచం మీద, నీ చేతిలో పోయిందని కదా నాకు చెప్పావు?

ఆ రోజు నువ్వెక్కడున్నావు?

చిన్నదాని అమ్మ


మేడమీది గది నుంచి,
ఏప్రిల్ 20

పిన్నీ,

పక్క లైన్లో ఉన్నాను.

మూడు రోజుల నుంచి జ్వరం తనకి. వద్దన్నాను. ఒకావిడ జబ్బుపిల్లని తీసుకుని దూరం నుంచి వస్తోంది, మాటిచ్చాను అంది. ఇద్దరం కలిసే వెళ్ళాం. మధ్యలో ఒక్క కమ్మీ. నేను తనకంటే పదిమంది ముందున్నాను. వెనక్కి తిరిగినప్పుడల్లా చెయ్యి ఊపేది.

ఐదో గంటలో కింద కూర్చుంది. మేం కూర్చుంటాం, అది కొత్త కాదు. కమ్మీకి తల ఆనించుకుంది. అప్పుడు లైను కదిలింది. తను లేవలేదు. వెనకవాళ్ళు కాసేపు చూసి, నిద్రపోతోందనుకుని, పక్కనుంచి ముందుకెళ్ళిపోయారు. ఒకరు, ఇద్దరు, పదిమంది. గడియారం ఎప్పుడూ తన చోటు వదులుకున్న మనిషి కాదు పిన్నీ. ఆ క్షణమే నాకు తెలిసిపోయింది.

నన్ను పెట్టుకున్నవాళ్ళు పది నిమిషాల్లో రావాలి. నేను బయటికొస్తే ఐదు గంటలు పోతాయి, మళ్ళీ తోకకి వెళ్ళాలి. ఒక్క పది నిమిషాలే కదా, మార్చేసి పరిగెడదాం అనుకున్నాను. వాళ్ళు రాలేదు. ఇంకాస్త, ఇంకాస్త అనుకుంటూ నిలబడ్డాను. తనని చూస్తూనే నిలబడ్డాను. కళ్ళు తిప్పుకోలేదు, అదే పెద్ద సాయమన్నట్టు. నలభై నిమిషాలు.

వాళ్ళొచ్చాక కమ్మీ దూకాను. ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది. ఆసుపత్రిలో డాక్టరు "కాస్త ముందు తెచ్చి ఉంటే" అని, నా మొహం చూసి ఆపేసింది.

మా వాళ్ళెవరికీ కూడా నేను ఈ సంగతి చెప్పలేదు. మీకే మొదట చెబుతున్నాను.

మా వాళ్ళు మిమ్మల్ని ఒకటి అడగమన్నారు. మాలో ఒకరు పోతే మాకొక పద్ధతుంది. మిగతావాళ్ళు ఒకరోజు ఆ మనిషి కోసం లైన్లో నిలబడతారు. మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ వదులుతారు. తోక దగ్గర నుంచి లోపలిదాకా, ఎంత తోపులాట జరిగినా, ఆ ఖాళీని పూడనివ్వరు. ఆ ఒక్కసారి మాత్రం మూడో మలుపు దగ్గర ఆగరు. బతికుండగా వెళ్ళని చోటికి అలా వెళ్తారన్నమాట. ఇంతకుముందు రెండుసార్లు చేశాం. ఇంటివాళ్ళు ఒప్పుకుంటేనే చేస్తాం. ఖాళీ వెనక ఆ మనిషికి అందరికంటే దగ్గరైనవాళ్ళు నిలబడాలి.

అది నేనే అంటున్నారు అందరూ. నావల్ల కాదు. ఈ ఊళ్ళో ఉండటమే నావల్ల కావడం లేదు. రేపు మా అన్నయ్య ఇంటికి వెళ్ళిపోతున్నాను. అక్కడి చిరునామా వెనక రాశాను. గది తాళంచెవి మందిరం దగ్గర చెప్పులు కాసే పెద్దక్కకి ఇచ్చాను. మాలో అందరికంటే పెద్దది ఆవిడే.

పొడుగు


కుట్టుషాపు నుంచి,
మే 2

నలభై నిమిషాలంటే ఎంతో చూద్దామని బల్ల దగ్గర కూర్చున్నాను. ఎదురుగా గోడ గడియారం. బడిపిల్లల చొక్కాలు ముందేసుకుని మొదలుపెట్టాను.

ఒక్కో కాజాకి ఐదు నిమిషాలు పడుతుంది. గుర్తు పెట్టడం, కోయడం, అంచు చుట్టూ దగ్గర దగ్గరగా కుట్టడం, ముడెయ్యడం. రెండు పూర్తయ్యేసరికి, ఈపాటికి నువ్వు కమ్మీ దూకి ఉండాల్సింది. నాలుగు పూర్తయ్యేసరికి దారం రెండుసార్లు తెంపుకున్నాను. ఆరో దాని దగ్గర సూది వదిలేసి లేచి నిలబడ్డాను, ఎవరినో కేకేయబోయినట్టు. మాస్టారు ఏమైందన్నాడు. ఏం లేదని కూర్చున్నాను.

ఎనిమిది కాజాలు. ఒక చొక్కా పూర్తయి ఇంకో దాంట్లోకి వెళ్ళాను.

ఇంతసేపు నువ్వు చూస్తూ నిలబడ్డావు.

మీవాళ్ళతో నేనే మాట్లాడుకుంటాను. నన్ను పిన్నీ అనకు. నాకు రాయకు.


అన్నయ్య ఇంటి నుంచి,
మే 19

మీరు రాయొద్దన్నారు. ఇది ఉత్తరం కాదు, లైను సంగతులు మాత్రమే.

ఖాళీ వెనక మీరే నిలబడతానన్నారని పెద్దక్క కబురు పెట్టింది. ఆ మోకాళ్ళతో ఎలా అని ఆవిడ భయపడుతోంది. చెబితే వినరని నాకు తెలుసు.

బరువంతా ఒక కాలి మీద వెయ్యకండి. వంద అంకెలు లెక్కపెట్టి కాలు మార్చండి. గుక్క గుక్కగా నీళ్ళు తాగండి, ఎక్కువ తాగితే మధ్యలో బయటికి రావాల్సి వస్తుంది. మొదటి మలుపులో ఎండ ఎడమ చెంప మీద కొడుతుంది, కొంగు అటు కప్పుకోండి. రెండో మలుపులో స్తంభానికి ఆనుకోవచ్చు. అక్కడ అందరికీ విసుగొస్తుంది, పోట్లాటలవుతాయి, పట్టించుకోకండి. వెనకవాళ్ళు తోస్తే మోచేతులు కొంచెం బయటికి పెట్టి నిలబడండి. ముందున్న మనిషి మెడ చూస్తూ ఉంటే కాలం తొందరగా నడుస్తుంది.

మీ ముందు మెడ ఉండదని రాశాక గుర్తొచ్చింది. కొట్టివేయడం లేదు.


మేడమీది గది నుంచి,
జూన్ 10

పొడుగమ్మాయికి,

నీ గదిలోనే కూర్చుని రాస్తున్నాను. రాయకూడదనే అనుకున్నాను. నిన్న జరిగింది ఇంకెవరికి చెప్పినా అర్థం కాదు.

తెల్లవారుతూనే వెళ్ళాం. ముందు పెద్దక్క, ఆవిడ వెనక ఖాళీ, దాని వెనక నేను. మిగతా ఆరుగురూ నా వెనక వరసగా నిలబడ్డారు. నన్ను చూసి ఎవరూ ఏడవలేదు. ఒకామె మాత్రం "గడియారం ఉంటే ఇవాళ ఎన్ని గంటలనేదో" అంది. ఏడున్నర అని ఒకరు, తొమ్మిదని ఒకరు పందేలేసుకున్నారు. నాకు నవ్వొచ్చింది. పిల్ల పోయాక అదే మొదటిసారి నవ్వడం.

గంట గడిచేసరికి వెనకాల ఒకతను మొదలుపెట్టాడు. "ఏవమ్మా, అంత ఖాళీ పెట్టుకుని నిలబడ్డావేంటి, జరుగు."

"ఖాళీ ఎక్కడుంది నాయనా, మా అమ్మాయి నిలబడింది కదా" అన్నాను.

నా నోట ఆ మాట ఎలా వచ్చిందో నాకే తెలియదు. అతను ఖాళీ వైపు చూశాడు, నా వైపు చూశాడు. పిచ్చిదనుకుని ఊరుకున్నాడు. పెద్దక్క వెనక్కి తిరిగి సంగతి చెప్పింది. రెండో మలుపు దగ్గర ఇంకెవరో తోసుకొస్తే అతనే అడ్డం పడ్డాడు. "కనబడటం లేదా, అక్కడ మనిషుంది!" అని అరిచాడు.

మూడో మలుపు దగ్గరికి వచ్చాం. ఆ సందు చూశాను. ఇంత చిన్న సందులోంచి నా పిల్ల ఆరేళ్ళు బయటికి వెళ్ళింది. నిన్న వెళ్ళలేదు. ఆగకుండా ముందుకి నడిచింది. లోపల మమ్మల్ని ఎవరూ తొయ్యలేదు. దేవుడెలా ఉన్నాడో చెప్పమంటే చెప్పలేను. ఈసారి నేను అటు చూడలేదు, నా ముందున్న చోటునే చూశాను.

ఇదంతా పెద్దక్క ఎలాగూ నీకు రాస్తుంది. పెద్దక్క చూడనిది ఒకటుంది, దానికోసమే కలం పట్టుకున్నాను.

నాలుగో గంటలో, మొదటి మలుపు దాటాక, పక్క లైన్లో ఒక ముసలాయన కింద కూర్చున్నాడు. మనిషి తెల్లగా పాలిపోయాడు. పెదాలు కదులుతున్నాయి, మాట రావడం లేదు. వెనకవాళ్ళు పక్కనుంచి వెళ్ళిపోతున్నారు. ఆయన చెయ్యి కమ్మీ పట్టుకోబోయి జారిపోయింది. నన్నే చూస్తున్నాడు. మా మధ్య ఒక్క కమ్మీ.

ఒక్క అడుగు వేస్తే చాలు. వేస్తే ఖాళీ పోతుంది.

ఎవరో ఒకరు చూస్తార్లే అనుకున్నాను. కేకెయ్యొచ్చు కదా? నోరు తెరిస్తే అందరూ అటు తోసుకుంటారని, ఖాళీ పూడిపోతుందని అనిపించింది. ఇంతలో లైను కదిలింది. నేనూ కదిలాను. ఆయన్ని చూస్తూ నాలుగడుగులు ముందుకి జరిగాను. నా పిల్ల ఎలా పోయిందో తెలిసిన మనిషిని, నిన్ను రోజూ తిట్టుకుంటున్న మనిషిని, ఆయన్ని అక్కడే వదిలేసి మోచేతులు బయటికి పెట్టి నిలబడ్డాను.

ఎంతసేపో తెలియదు. ఎవరో కోడలో కూతురో తోసుకుంటూ వచ్చి నీళ్ళు తాగించింది. కాసేపటికి ఆయన మూతి తుడుచుకుని, ఆమె భుజం పట్టుకుని లేచాడు. నన్ను చూసి పర్వాలేదన్నట్టు నవ్వాడు కూడా. నేను భయపడ్డాననుకున్నాడు పాపం.

నేను తిరిగి నవ్వలేక మొహం ఖాళీ వైపు తిప్పుకున్నాను.

నువ్వు చేసింది తప్పు కాదని నేను అనను. నలభై నిమిషాలు ఎప్పటికీ నలభై నిమిషాలే. అది నీ ఒంటి మీదనుంచి నేను తీసేయలేను, దేవుడు తీస్తాడో లేదో ఆయన్నే అడగాలి. కానీ ఆ ముసలాయన లేచాడు. నీకూ నాకూ అంతే తేడా అమ్మాయీ. లేవకపోయి ఉంటే, ఈపాటికి నేనూ ఎవరికీ మొహం చూపించలేక ఎక్కడో ఒకచోటికి పారిపోయి ఉండేదాన్ని.

చిన్నదాని అమ్మ